జీమెయిల్ వాళ్ళకి రాత్రే, యాహూ వాళ్ళకి పొద్దున

రేట్ లిమిట్ అనగానే మనవాళ్ళలో చాలామందికి లోపలికొచ్చేవాళ్ళని ఆపడమే గుర్తొస్తుంది. ఏపీఐకి నిమిషానికి ఇన్ని రిక్వెస్టులు, లాగిన్‌కి ఐదు ప్రయత్నాలు, ఓటీపీకి మూడు. తలుపు మనది, వాచ్‌మన్ మనవాడు, వచ్చేవాడు పరాయివాడు. అదే మన సర్వర్ నుంచి బయటికి పోయే మెయిళ్ళని మనమే ఆపుకోవాలి, అదీ అన్నింటినీ ఒక్కలా కాదు, ఏ డొమైన్‌కి పోయేవి ఆ డొమైన్‌కి విడివిడిగా అంటే మాత్రం "సర్వర్ ఫాస్టుగా ఉంటే దాన్ని స్లో చెయ్యమంటావేంటి?" అని ఒక చూపు చూస్తారు. ఆ చూపు నాకు బాగా అలవాటైపోయింది. ఒకసారి కూర్చుని వివరంగా రాసి పడేస్తే ఇకముందు అడిగినవాళ్ళకి లింకు పంపి ఊరుకోవచ్చని ఈ ప్రయత్నం.

(మెయిల్ అనొద్దు, వేగు అనాలని నన్ను పోరే మిత్రులున్నారు. అన్నా, వేగు అంటే రాజుగారి గూఢచారి కూడా కదా. నేను చెప్పబోయేది చేరాల్సినవాళ్ళకి చేరని ఉత్తరాల గురించి, గూఢచారుల గురించి కాదు. మెయిల్ అనే రాస్తాను, క్షమించండి.)

2012 ఫిబ్రవరి, ఒక శనివారం. అప్పటికింకా మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలు కాలేదు, అది 2016 అక్టోబర్ ముచ్చట. కరీంనగర్ దగ్గర ఒక కాలేజీలో (పేరు అనవసరం) పాఠాలు చెప్పే నా దోస్తు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అరేయ్, మా సర్వర్ల ఏందో అయింది, ఒక్కసారి చూడరాదురా. పోరగాండ్లు లొల్లి చేస్తున్నరు" అని. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. లాగిన్ వివరాలు ఎస్సెమ్మెస్‌లో పంపాడు (అవును, పాస్‌వర్డ్ కూడా. ఆ రోజులు అలాంటివి).

జరిగిందేంటంటే, శుక్రవారం సాయంత్రం ఆఫీసువాళ్ళు వార్షికోత్సవం ఫోటోల లింకుతో ఒక శుభాకాంక్షల మెయిల్ పంపారు. పాత విద్యార్థుల రిజిస్టర్లలోంచి టైపు చేసుకున్న అడ్రసులు, కొన్ని వేలు. సగానికి పైగా యాహూ. అందులో ఎన్ని బతికున్నాయో, ఎన్ని చచ్చిపోయాయో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత అదే రాత్రి 9:40కి అదే సర్వర్ నుంచి ఇంకో మెయిల్ వెళ్ళింది. రేపు 11 గంటలకి ఒక కంపెనీ వస్తోంది, రాత పరీక్ష, ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చుకోండి అని. అది నూట ఎనభై మందికి పైచిలుకు ఫైనలియర్ పిల్లలకి. కాలేజీకి సెలవులు, పిల్లలంతా ఊళ్ళలో ఉన్నారు. కంపెనీ చెప్పిందే ఆఖరి నిమిషంలోనట, అది వేరే కథ.

లాగ్ తెరిచి చూస్తే జీమెయిల్ అడ్రసులకి పోయినవన్నీ 9:41 లోపే చేరిపోయాయి. రెడిఫ్ వాళ్ళకీ అంతే. యాహూ వాళ్ళు యాభై మంది దాకా ఉన్నారు, వాళ్ళకి ఒక్కటీ పోలేదు. తెల్లారి 6 నుంచి 11:30 దాకా ఒక్కొక్కటిగా కారాయి.

హాస్టల్లో, టౌన్లో ఉన్నవాళ్ళకి నోటిమాటగా తెలిసిపోయింది. ఇబ్బంది పడ్డది దూరపు ఊళ్ళవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయిది ఉట్నూరు అవతల. రాత్రి పదింటికి వాళ్ళన్న నోకియా ఫోన్లో జీపీఆర్ఎస్ పెట్టి చూసుకుందట, ఏమీ లేదు. పడుకుంది. ఆమె మెయిల్ లాగ్ ప్రకారం చేరింది పొద్దున 8:52కి. ఉట్నూరు నుంచి జన్నారం, లక్సెట్టిపేట, రాయపట్నం వంతెన దాటి కరీంనగర్ రావాలంటే బస్సులో నాలుగైదు గంటలు. రాత్రే తెలిసుంటే తెల్లారుజామున బయల్దేరి అందుకునేది. 8:52కి తెలిసి చేసేదేం లేదు.

మా దోస్తు నా నంబరు ఆమెకిచ్చాడు, కంప్యూటర్ సంగతి ఆయన్నే అడుగమ్మా అని. సోమవారం ఫోన్ చేసింది. ఏడుపు లేదు, కోపమూ లేదు, ఒక్కటే అడిగింది. "అన్నా, మా దోస్తులకు రాత్రే వచ్చిందట. ఒక్కటే కాలేజి, ఒక్కటే మెయిలు. నాకెందుకు పొద్దున వచ్చింది?"

"నీది యాహూ ఐడీ కాబట్టి" అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు.

"అది నేను పెట్టుకున్నది కాదన్నా. ఎంసెట్ ఫారం నింపేటప్పుడు నెట్ సెంటర్ల ఆయనే పెట్టిచ్చిండు" అంది.

ఆ మాట నాకు చాలా రోజులు పట్టుకుంది. మనకి డొమైన్ అంటే ఎట్ గుర్తు తర్వాత వచ్చే నాలుగక్షరాలు. క్యూలో దాన్ని బట్టే మనుషులు వరసల్లో నిలబడతారు. ఆ వరస ఎంచుకున్నది వాళ్ళు కాదు, నెట్ సెంటర్ ఆయన.

సరే, అసలు లోపల ఏం జరిగిందో చూద్దాం. ఆ సర్వర్‌లో ఉన్నది పోస్ట్‌ఫిక్స్. వీట్సె వెనెమా ఐబీఎంలో ఉండగా రాసింది, 1998 చివర్లో జనంలోకొచ్చింది. నాకు చాలా ఇష్టమైన సాఫ్ట్‌వేర్, ఎందుకంటే అది అవతలివాడి గురించి ఆలోచిస్తుంది. ఒక కొత్త డొమైన్‌కి మెయిళ్ళు పంపాల్సొస్తే ఒకేసారి మీద పడదు. ముందు 5 కనెక్షన్లతో మొదలుపెడుతుంది, అవతల బాగా తీసుకుంటుంటే పెంచుతూ పోయి 20 దగ్గర ఆగుతుంది. ఎదురుదెబ్బ తగిలితే తగ్గిస్తుంది. టీసీపీ స్లో స్టార్ట్ చదువుకున్నవాళ్ళకి ఇది తెలిసిన పాటే. ఈ లెక్క ప్రతి డొమైన్‌కీ వేరు. దీంతో పోల్చండి, అదే కాలంలో మనలో చాలామంది వాడిన క్యూమెయిల్‌ని. అందులో బయటికి పోయే కనెక్షన్లు మొత్తం మీద 20, అంతే. ఏ డొమైన్‌కి ఎన్ని అనే లెక్కే లేదు. ఒక నిదానపు డొమైన్ ఆ ఇరవై కుర్చీల్లోనూ కూర్చుంటే మిగతా ప్రపంచం నిలబడాల్సిందే.

మరి ఇంత మర్యాదస్తురాలైన పోస్ట్‌ఫిక్స్ ఉండి కూడా ఆ రాత్రి అలా ఎందుకైంది? ఎందుకంటే 20 కనెక్షన్లు అనేది ఒక్కసారిగా ఎన్ని అనే లెక్క, గంటకి ఎన్ని అనే లెక్క కాదు. ఒక్కో మెయిల్ అర సెకనులో పోతే 20 కనెక్షన్లలో నిమిషానికి రెండువేల నాలుగొందలు పోతాయి. ఎవరికీ తెలియని ఒక ఐపీ నుంచి, సగం చచ్చిన అడ్రసులకి, అంత జోరుగా వస్తుంటే యాహూ ఏమనుకోవాలి? స్పామర్ అనుకుంది. 421 అని జవాబిచ్చింది. 421 అంటే వద్దని కాదు, ఇప్పుడొద్దు తర్వాత రా అని. లాగ్‌లో పోస్ట్‌ఫిక్స్ దాన్ని "నాతో మాట్లాడటానికి ఒప్పుకోలేదు" అన్న అర్థం వచ్చేలా రాస్తుంది. చదివినప్పుడల్లా అలిగిన కొత్తల్లుడు గుర్తొస్తాడు నాకు.

తలుపు దగ్గరే ఇలా పొమ్మంటే పోస్ట్‌ఫిక్స్ ఆ డొమైన్‌ని కాసేపు చచ్చినట్టు లెక్కేస్తుంది. ఆ తర్వాత ఆ డొమైన్‌కి ఏ కొత్త మెయిలొచ్చినా ప్రయత్నం కూడా చెయ్యకుండా డిఫర్డ్ క్యూలో పడేస్తుంది, డెలివరీ తాత్కాలికంగా నిలిపాం అని రాసి. 9:40కి వచ్చిన పరీక్ష మెయిల్‌కి పట్టిన గతి ఇదే. దాని తప్పేమీ లేదు, దానికి ముందు పోయిన శుభాకాంక్షల తప్పు.

ఇక మళ్ళీ ప్రయత్నించడం సంగతి. ఒక మెయిల్ క్యూలో ఎంతసేపు ఉందో దాదాపు అంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది, అంటే వ్యవధి రెట్టింపవుతూ పోతుంది. తక్కువలో తక్కువ 300 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 4000 సెకన్లు. 9:40కి పడ్డ మెయిల్‌కి ఇంచుమించుగా 9:45, 9:50, 10:00, 10:20, 11:00 ఇలా వంతులొస్తాయి, ఆ తర్వాత గంటా ఆరేడు నిమిషాలకోసారే. మధ్యలో యాహూ తలుపు ఐదు నిమిషాలు తెరుచుకున్నా ఆ సమయానికి దీని వంతు రాకపోతే పోయినట్టే. పైగా వంతుకొచ్చేవి ఇదొక్కటే కాదు కదా. వేల శుభాకాంక్షలు కూడా లేచొచ్చి మళ్ళీ తలుపు బాదుతాయి, యాహూ మళ్ళీ అలుగుతుంది. రాత్రంతా ఇదే భాగోతం.

ఇది చూస్తుంటే నాకు మా బాపు గుర్తొచ్చాడు. మా ఊరు పెద్దపల్లి అవతల, కాకతీయ కాలువ కింది ఆయకట్టు. 1963 జులైలో నెహ్రూ పోచంపాడులో పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ నీళ్ళు. ప్రధాన కాలువ పొడవు 284 కిలోమీటర్లు, 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్‌లో దిగువ మానేరు డ్యాం. ఉపకాలువలకి పేర్లుండవు, నంబర్లే. డీ-83, డీ-86 ఇలా. సంతకం పెట్టడం రాని ముసలివాళ్ళు కూడా మా దగ్గర "డీ ఎయిటీ త్రీ" అని ఇంగ్లీషులోనే అంటారు. కాలువ మొదట్లో ఉన్నవాళ్ళు తూముల దగ్గర ఇష్టమొచ్చినంత తీసుకుంటే చివర ఉన్న మాకు, మంథని వైపువాళ్ళకి బురద మిగిలేది. అందుకే ఆన్ అండ్ ఆఫ్ అనీ, వారబందీ అనీ వంతులు పెడతారు. ఈ వారం ఈ కాలువకి, వచ్చే వారం ఆ కాలువకి. బాపు ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు. "నీళ్ళు తక్కువైనయని కాదురా, ఒక్కదిక్కే పోయినయి."

తూముకి పరిమితి పెట్టేది నీళ్ళు ఆదా చెయ్యడానికని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కాదు. చివరి మడి దాకా పోవడానికి. ఆ రాత్రి సర్వర్‌కి శక్తి తక్కువై మెయిళ్ళు ఆగలేదు, అదెంత చిన్న వీపీఎస్ అయినా ఆ మాత్రం మెయిళ్ళు దానికి లెక్క కాదు. యాహూ తీసుకోగలిగిన కాస్త వాటానీ వార్షికోత్సవం ఫోటోలు తాగేశాయి. పరీక్ష మెయిల్‌కి బురద మిగిలింది.

పోలిక ఇంతవరకే పనికొస్తుంది, దీన్ని ఇంకా సాగదీయను. కాలువలో తూము వెడల్పు మనకి తెలుసు. మెయిల్లో అవతలివాడి తూము ఎంతో వాడు చెప్పడు, రోజూ ఒకేలా ఉంచడు కూడా. 421 వచ్చినప్పుడు మాత్రమే దాటామని తెలుస్తుంది. కాబట్టి దాటకుండా ఉండే బాధ్యత మనది.

మరి చేసిందేంటి? వింటే నవ్వుతారు, పది లైన్లు కూడా కాదు. పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్‌ని బయటికి మోసేవాణ్ణి ట్రాన్స్‌పోర్ట్ అంటారు, మామూలుగా ఒక్కడే ఉంటాడు. మాస్టర్ డాట్ సీఎఫ్‌లో వాడికి కవలని పుట్టించి "నిదానం" అని పేరు పెట్టాను. ఆ పేరుతో డెస్టినేషన్ రేట్ డిలే 2 సెకన్లు అని పెట్టాను. అంటే నిదానంగాడు ఒక డొమైన్‌కి ఒక మెయిలిచ్చాక 2 సెకన్లు ఆగి ఇంకోటి ఇస్తాడు. ఒక డొమైన్‌కి ఒక్క కనెక్షనే. ఇతర డొమైన్ల వరసలు వాటి దారిన అవి నడుస్తుంటాయి. ఈ డిలే సౌకర్యం పోస్ట్‌ఫిక్స్ 2.5 నుంచి ఉంది, అంటే 2008 నుంచి. (మెయిన్ డాట్ సీఎఫ్‌లోకి ఇక్కడినుంచి కాపీ పేస్ట్ చెయ్యకండి బాబూ, పోస్ట్‌ఫిక్స్‌కి తెలుగు రాదు.)

ఏ మెయిల్ నిదానంగాడికి పోవాలి, ఏది మామూలువాడికి పోవాలి అనేది పంపేవాడి అడ్రసుని బట్టి తేల్చాను. 2.7 నుంచి ఆ వీలుంది. శుభాకాంక్షలు, పత్రికలు, ఆహ్వానాలు ఒక అడ్రసు నుంచి. పరీక్షలు, ఫీజు గడువులు, హాల్‌టికెట్లు ఇంకో అడ్రసు నుంచి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. డొమైన్ చచ్చిందనే లెక్క ట్రాన్స్‌పోర్ట్‌కి విడివిడిగా ఉంటుంది కాబట్టి నిదానంగాడికి యాహూ చచ్చినా మామూలువాడికి బతికే ఉంటుంది. కాకపోతే యాహూ చూసేది మన ట్రాన్స్‌పోర్ట్ పేరు కాదు, ఐపీ. అందుకని నెలకి కాస్త డబ్బు పెట్టి రెండో ఐపీ తీసుకుని నిదానంగాడిని దానికి కట్టేశాం. ఈ రెండో ఐపీ ఖర్చుకి మా దోస్తు మూడు సంతకాలు సంపాదించాల్సొచ్చింది.

లెక్క చూడండి. నాలుగు వేల యాహూ అడ్రసులు, ఒక్కోదానికి 2 సెకన్లు, 8000 సెకన్లు. రెండు గంటల పదమూడు నిమిషాలు. వార్షికోత్సవం ఫోటోలు రెండు గంటలు ఆలస్యంగా చూస్తే ఎవరి కొంపా మునగదు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చెప్పకపోతే మీరూ పడతారు. నాకు తెలిసినవాడొకడు ఇలాగే డిలే పెట్టి, ఇంకా జాగ్రత్త అనుకుని డెస్టినేషన్ రిసీపియంట్ లిమిట్‌ని 1 చేశాడు. ఒక్కో డెలివరీలో ఒక్క మనిషికే అని. మామూలుగా అది 50 ఉంటుంది. తెల్లారి చూస్తే నిదానం లేదు ఏమీ లేదు, మెయిళ్ళన్నీ గుంపుగానే వెళ్ళాయి. కారణం డాక్యుమెంటేషన్‌లోనే రాసుంది. ఆ లిమిట్ 1 అయితే డెస్టినేషన్ అంటే డొమైన్ కాదు, ఒక్కో మనిషి అడ్రసే డెస్టినేషన్ అవుతుంది. ఒకే మనిషికి పంపే రెండు మెయిళ్ళ మధ్య 2 సెకన్లు ఆగుతుందన్నమాట. ఆ మనిషికి పోయేదే ఒక్క మెయిల్. దేని పేరున లెక్క కడుతున్నామో తెలీకుండా లెక్క కట్టడం ఇది.

దేని పేరున అనే ఈ ప్రశ్న తేలికైంది కాదు. పోస్టాఫీసువాళ్ళు దీన్ని ఎప్పుడో ఆలోచించారు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ తెచ్చినప్పుడు వాళ్ళు ఊరి పేరుని కాదు, ఉత్తరం ఏ సార్టింగ్ ఆఫీసు మీదుగా పోతుందో దాన్ని అంకెల్లో పెట్టారు. 505తో మొదలైతే కరీంనగర్ వైపు, 504తో మొదలైతే ఆదిలాబాద్ వైపు. మూడో అంకె దాకా చదివితే చాలు ఏ సంచిలో వెయ్యాలో తెలిసిపోతుంది, ఊరు ధర్మపురా రాయికలా అన్నది తర్వాతి సంగతి.

మెయిల్లో డొమైన్ ఊరి పేరు లాంటిది, ఎమ్మెక్స్ రికార్డు సార్టింగ్ ఆఫీసు లాంటిది. 2012 నాటికే చాలా కంపెనీలు, కాలేజీలు తమ సొంత డొమైన్ పెట్టుకుని మెయిళ్ళు మాత్రం గూగుల్ యాప్స్‌కి అప్పగించాయి (తర్వాత దాన్ని జీ సూట్ అన్నారు, 2020 నుంచి వర్క్‌స్పేస్ అంటున్నారు). పేర్లు వంద, చేరే చోటు ఒకటే. పోస్ట్‌ఫిక్స్ మాత్రం పేరుని బట్టి వరసలు కడుతుంది కాబట్టి వంద వరసలు, ప్రతి వరసలోనూ 2 సెకన్లు పాటిస్తూ, అన్నీ కలిసి ఒకే గూగుల్ మీద సెకనుకి యాభై చొప్పున పడతాయి. మన దృష్టిలో మనం చాలా మర్యాదస్తులం! దీనికి మందు ఏంటంటే అలాంటి డొమైన్లని ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లో ఒకే నెక్స్ట్‌హాప్‌కి రాసి ఒకే వరసలోకి తేవడం. లేదా 2016లో 3.1తో వచ్చిన ట్రాన్స్‌పోర్ట్ రేట్ డిలే వాడటం, అది డొమైన్లతో పని లేకుండా ఆ ట్రాన్స్‌పోర్ట్ మొత్తానికి ఒకే పళ్ళెం పెడుతుంది. నేను మొదటిదే వాడతాను. ఓపిక కావాలి, మ్యాప్‌ని ఆర్నెల్లకోసారి సరిచూడాలి, కానీ ఎవరు ఏ వరసలో ఉన్నారో నా కళ్ళకి కనిపిస్తుంది.

బయటికి పోయేది తగ్గించి, లోపలికొచ్చేది తగ్గించకపోతే ఏమవుతుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు చూశాం. 5 లక్షల క్యూసెక్కులకు పైగా పైనుంచి వస్తుంటే గేట్లన్నీ ఎత్తినా వదలగలిగేది 3 లక్షల దాకానే. ఉన్న 18 గేట్లలో ఒకటి లేవనే లేదు. దిగువ ఊళ్ళు ఖాళీ చేయించారు, ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. ప్రాజెక్టు నిలబడింది. మెయిల్ క్యూకి అంత ప్రాణభయం లేదు గానీ సూత్రం అదే. సెకనుకి అర మెయిల్ పోయే వరసలోకి గంటకి ఐదు వేలు పోస్తే ఐదో రోజుకి పోస్ట్‌ఫిక్స్ చేతులెత్తేసి మెయిళ్ళు తిప్పి పంపడం మొదలుపెడుతుంది, దాని డీఫాల్ట్ గడువు ఐదు రోజులు. కాబట్టి పంపే ప్రోగ్రామ్‌కి కూడా క్యూ పొడుగు చూసి ఆగడం నేర్పాలి. ఇది మాత్రం చాలామంది చెయ్యరు.

సాంకేతికం అయిపోయింది, ఇప్పుడు అసలు గొడవ. ఆ సోమవారం కాలేజీ ఆఫీసువాళ్ళు అన్న మాట ఇది: "మా దిక్కునుంచి అందరికీ పంపినం సార్. చూడండి, సెంట్ అని వచ్చింది. చూసుకోకపోతే స్టూడెంట్ల తప్పు." వాళ్ళ స్క్రీన్ మీద నిజంగానే నూట ఎనభై పైచిలుకు పేర్ల పక్కన ఆకుపచ్చ టిక్కులున్నాయి.

ఆ టిక్కు ఎక్కడినుంచి వచ్చిందో మనకి తెలుసు. వెబ్ అప్లికేషన్ పక్కనే ఉన్న పోస్ట్‌ఫిక్స్‌కి మెయిలిచ్చింది, పోస్ట్‌ఫిక్స్ 250 అంది, క్యూలో వేసుకున్నాను అని. ఆ 250ని చూసి అప్లికేషన్ రాసినవాడు సెంట్ అని పచ్చరంగు పూశాడు. ఉత్తరం పోస్టు డబ్బాలో వెయ్యగానే చేరింది అని సంతకం పెట్టడం లాంటిది ఇది. ఆ అప్లికేషన్ రాసింది ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడ్డవాడు కాదు, నాలాంటివాడే, మీలాంటివాడే. మనం రాసే స్క్రీన్‌ని ఒక గుమాస్తా నమ్ముతాడు, ఆ గుమాస్తా మాటని ప్రిన్సిపాల్ నమ్ముతాడు, ఉట్నూరులో ఒకమ్మాయి మాట ఎవరూ నమ్మరు.

నేను లాగ్‌లోంచి ఆ యాభై మంది పేర్లూ, మెయిల్ ఎన్నింటికి చేరిందో ఆ సమయాలూ తీసి ఒక షీటులో పెట్టి మా దోస్తుకిచ్చాను. వాడు దాన్ని పట్టుకుని తిరిగాడు. ఆ కంపెనీ మళ్ళీ పరీక్ష పెట్టలేదు. తర్వాతి నెల వచ్చిన ఇంకో కంపెనీకి మాత్రం ఎస్సెమ్మెస్ కూడా పంపారు, మెయిల్ మూడు రోజుల ముందు పంపారు. ఆ అమ్మాయి దానికి వెళ్ళింది గానీ ఎంపిక కాలేదు. మరుసటేడు హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో టెస్టింగ్‌లో చేరినట్టు మా దోస్తు చెప్పాడు. మొదటి పరీక్ష రాసుంటే ఎంపికయ్యేదా కాదా, ఎవరు చెప్పగలరు? రాసే వీలు మాత్రం ఆమెకుండాల్సింది.

ఆ అప్లికేషన్‌లో టిక్కు రంగు మార్పించాం. 250కి పసుపు, క్యూలో ఉంది అని. అవతలి సర్వర్ తీసుకున్నట్టు లాగ్‌లో వచ్చాకే పచ్చ. అరగంట దాటినా పసుపే ఉంటే ఆ పేర్లు వేరే పేజీలో ఫోన్ నంబర్లతో సహా పైకొస్తాయి, ఫోన్ చేసి చెప్పండని. లాగ్ చదివే ఆ చిన్న స్క్రిప్ట్ రాయడానికి ఒక ఆదివారం పట్టింది. రేట్ డిలే కంటే ఇదే ముఖ్యమైన పని అని నా అభిప్రాయం, కాకపోతే దీని గురించి ఎవరూ మాన్యువల్ రాయరు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు అందరూ సెస్ వాడతారు, సెండ్‌గ్రిడ్ వాడతారు, ఇంకా పోస్ట్‌ఫిక్స్ ఏంటి అంటారేమో. వాళ్ళు కూడా లోపల చేసేది ఇదే, డొమైన్‌కో వరస, వరసకో వేగం. మనకి కనిపించదు, అంతే. మీరు సొంత ఐపీ తీసుకుంటే వార్మప్ అని రోజూ కొంచెం కొంచెం పెంచమంటారు చూశారా, అది ఈ కథే. పైగా తలుపుల దగ్గర కాపలా ఇంకా గట్టిపడింది. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకి 5000 మెయిళ్ళకి పైన జీమెయిల్‌కి పంపేవాళ్ళు ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టుకోవాలి, ప్రచారపు మెయిళ్ళయితే ఒక్క నొక్కుతో వదిలించుకునే వీలివ్వాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకూడదు. యాహూ కూడా అప్పుడే ఇలాంటివే పెట్టింది. 2025 మే నుంచి అవుట్‌లుక్ డాట్ కామ్ కూడా ఆ దారిలోకొచ్చింది. చచ్చిన అడ్రసులకి శుభాకాంక్షలు పంపే రోజులు పోయాయి. ఇందులో నాకేమీ బాధ లేదు.

ఇక అందరూ అడిగేది, ఎన్ని సెకన్లు పెట్టాలి అని. నాకు తెలీదు, మీ లాగ్‌కి తెలుసు. బల్క్‌కి 1తోనో 2తోనో మొదలుపెట్టండి, 421లు వస్తే పెంచండి. అర్జెంటు మెయిళ్ళకి అసలు పెట్టకండి, వాటిని వేరు చెయ్యండి. పోస్ట్‌ఫిక్స్‌తో పాటు క్యూషేప్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ వస్తుంది. దాన్ని డిఫర్డ్ క్యూ మీద నడిపితే డొమైన్ల వారీగా వరసలు చూపిస్తుంది, 5 నిమిషాలవి ఎన్ని, 10వి ఎన్ని, 20వి ఎన్ని, అలా రెట్టింపవుతూ. ఎడమ గడుల్లో అంకెలుంటే ఇప్పుడే వచ్చిన ఇబ్బంది, కుడి గడుల్లో ఉంటే రాత్రంతా ఎవరో ఎదురుచూశారని అర్థం. ఆ కాలేజీ సర్వర్ ఇప్పటికీ నేనే చూస్తున్నాను, ఉచితంగానే. నిన్న రాత్రి క్యూషేప్‌లో మొత్తం పదకొండు మెయిళ్ళున్నాయి. తొమ్మిది తప్పు స్పెల్లింగుతో రాసిన జీమెయిల్ అడ్రసులు. మిగతా రెండూ ఎమ్మెక్స్ రికార్డులో తేడా ఉన్న ఒక చిన్న ఆఫీసు డొమైన్‌వి, కుడివైపు చివరి గడిలో. సోమవారం వాళ్ళకి ఫోన్ చెయ్యాలి.